బ్యోర్న్ అంటే ఎలుగుబంటే

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నా పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన పేరు బ్యోర్న్. ఒకనాటి మధ్యాహ్న భోజనం వేళ పేర్ల అర్థాల మీద మాట నడిచింది. నా పేరు సంగతి విన్న తరువాత ఆయన తన పేరు కథ చెప్పారు. తమ పూర్వికులకు ఎలుగుబంటి అంటే విపరీతమైన భయమనీ, దాని అసలు పేరు పలికితే అది వచ్చి మీద పడుతుందని నమ్మేవారనీ, అందువల్ల ఆ పేరును విడిచిపెట్టి ‘గోధుమరంగుది’ అని చాటుగా పిలుచుకొన్నారనీ, కాలం గడిచేకొద్దీ అసలు పేరు లోకంలో ఎవరికీ తెలియకుండా పోయిందనీ, కనుక తన పేరుకు నిజమైన అర్థం ‘గోధుమరంగువాడు’ అనీ ఆయన వివరించారు. బల్ల చుట్టూ ఉన్నవారిలో చాలామంది ఆ కథ ఇంతకు ముందే విన్నవారు, అవునన్నట్టు తలలూపారు.

ఆ రోజు నేనూ తలూపాను. ఆ కథ విన్న వెంటనే నా మనసుకు పట్టడానికి కారణం నా చిన్నతనం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోటలు, పనసచెట్లు, కొబ్బరితోటలు ఉన్న ఆ ప్రాంతంలో ఎలుగుబంట్లు తోటల్లోకి రావడం, మనుషుల మీద పడడం కొత్త సంగతి కాదు. ఇక మాట విషయానికి వస్తే, మా అమ్మమ్మ చీకటి పడ్డాక పామును పాము అననిచ్చేది కాదు; ‘పురుగు’ అనాలి. పాము కరిచిందని ఎవరూ అనేవారు కాదు, ‘పురుగు ముట్టింది’ అనేవారు. దీపం ఆరిపోయిందనకుండా ‘కొండెక్కింది’ అనడం, మశూచిని ‘అమ్మవారు’ అనడం తెలుగువారందరికీ తెలిసినవే. కాబట్టి పేరు పలికితే ఆ ప్రాణి వింటుందన్న నమ్మకాన్ని అర్థం చేసుకోవడానికి నేను స్వీడన్ వెళ్లనక్కరలేదు.

అయితే ఆ తరువాత కొన్నేళ్లపాటు ఈ పేరు గురించి దొరికినదల్లా చదివాక, ఆ కథలో చాలా వేర్వేరు మాటలు ఒకే ఊపిరిలో కలిసిపోయాయని గ్రహించాను. పాత పేరును విడిచిపెట్టారన్న మాటకు గట్టి ఆధారమే ఉంది. అసలు పేరు ఎవరికీ తెలియదన్నది పొరపాటు. ‘గోధుమరంగుది’ అన్నది ఒక ప్రతిపాదన మాత్రమే, దాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఇక బ్యోర్న్ అనే మనిషి పేరుకు ఆ రంగే నిజమైన అర్థం అన్న చివరి మాట, మిగిలినవన్నీ నిజమైనా సరే, తప్పే అవుతుంది. నేను వాదించదలచుకొన్నది ముఖ్యంగా ఈ చివరి మాట గురించే. అయినా మొదటి నుంచీ రాకపోతే దాని దగ్గరకు చేరలేము.

ముందుగా మాట రూపం చూద్దాం. నేటి స్వీడిష్, డేనిష్, నార్వీజియన్, ఐస్‌లాండిక్ భాషలకు తల్లి అయిన పాత నార్స్ భాషలో ఎలుగుబంటిని బ్యోర్న్ అనేవారు. దానికి ముందరి జర్మానిక్ మూలభాషలో దాని రూపం ‘బెర్నుజ్’ అని భాషాశాస్త్రజ్ఞులు పునర్నిర్మించారు. ఇంగ్లీషు వారి ‘బేర్’, జర్మన్ వారి ‘బేర్’ దీనికి తోబుట్టువులు. అవి ‘బెరో’ అనే సోదర రూపం నుంచి వచ్చాయి. బెర్నుజ్ బ్యోర్న్‌గా ఎలా మారిందన్నది వినడానికి వింతగా ఉంటుంది కాని, తెలుగువారికి అందులో కొత్తేమీ లేదు. మనం ‘మనిషి’ అంటాము, బహువచనంలో ‘మనుషులు’ అంటాము. ‘కత్తి’ అంటాము, ‘కత్తులు’ అంటాము. వెనక వచ్చే ‘లు’లోని ఉకారం తన ముందున్న ఇకారాన్ని తనవైపు లాక్కొంటుంది. స్కాండినేవియాలోనూ అదే జరిగింది. చివరనున్న ఉకారం ముందున్న ఎకారాన్ని విరిచి ‘యొ’ చేసింది. ఆ తరువాత తాను రాలిపోయింది. షష్ఠీ విభక్తిలో, అంటే ‘ఎలుగుబంటి యొక్క’ అనవలసిన చోట, వెనక అకారం ఉండేది కనుక అక్కడ ‘బ్యార్నర్’ అయింది. చతుర్థిలో ఇకారం ఉండేది కనుక ‘బిర్ని’ అయింది. ఈ మూడు రూపాలూ ఐస్‌లాండిక్‌లో ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. ఒకే మాట మూడు అచ్చులతో మూడు ముఖాలు చూపడం, ఆ అచ్చులను మార్చిన చివరి అక్షరాల్లో కొన్ని ఇప్పుడు కనిపించకపోవడం నాకు ఎన్నిసార్లు తలచుకొన్నా ఆశ్చర్యంగానే ఉంటుంది. మెట్ల మీద తడి అడుగులు చూసి, నడిచి వెళ్లినవారిని ఊహించినట్టు ఉంటుంది.

ఇక ఆ మాటకు ముందు ఉన్నదేమిటి? సంస్కృతం నుంచి ఇంగ్లీషు దాకా ఎన్నో భాషలకు మూలమైన ఇండో-యూరోపియన్ మూలభాషలో ఎలుగుబంటికి ఒక పాత పేరు ఉండేది. గ్రీకులో అది ‘ఆర్క్‌టొస్’, లాటిన్‌లో ‘ఉర్సుస్’, వెల్ష్‌లో ‘ఆర్థ్’, ఆర్మీనియన్‌లో ‘అర్జ్’, మూడువేల ఏళ్ల నాటి హిట్టైట్‌లో ‘హర్తగ్గ’, సంస్కృతంలో ‘ఋక్షం’. ఇవన్నీ ఒకే తల్లి బిడ్డలు. ఇన్ని కొమ్మల్లో నిలిచిన మాట మూడు చోట్ల మాత్రం మాయమైంది: జర్మానిక్ భాషల్లో, రష్యన్ వంటి స్లావిక్ భాషల్లో, లిథువేనియన్ వంటి బాల్టిక్ భాషల్లో. స్లావులు దాన్ని ‘మెద్వేద్’ అన్నారు, అంటే తేనె తినేది. అందులోని మొదటి భాగం మన ‘మధువు’కు, రెండో భాగం తినడమనే అర్థంలో సంస్కృతంలో ఉన్న ‘అద్’ ధాతువుకు దగ్గరి చుట్టాలు. ఋగ్వేదంలో చెట్టు మీద వాలిన పక్షులను ‘మధ్వదః’ అన్నారు. సరిగ్గా ఆ రెండు ముక్కలతోనే స్లావులు ఎలుగుబంటికి పేరు కట్టారు. ఈ భాషా కుటుంబానికి చెందని ఫిన్నిష్ వారు కూడా, ఆ పొరుగునే ఉంటూ, దానికి ‘తేనె అరచెయ్యి’ అనే అర్థం గల మారుపేరు పెట్టుకొన్నారు.

ఉత్తరాన, ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న భాషల్లోనే ఈ మార్పు జరగడం యాదృచ్ఛికం కాదని వాదించినవారిలో ఫ్రెంచి భాషాశాస్త్రజ్ఞుడు ఆంత్వాన్ మేయే ముఖ్యుడు; ఇండో-యూరోపియన్ భాషల్లోని మాటల నిషేధాలపై ఆయన వ్యాసం 1906లో వచ్చింది. ఆ తరువాతి పరిశోధనలో ఈ వాదం బాగా వేళ్లూనుకొంది. ఎలుగుబంటి వేటలో ప్రత్యేకమైన మాటలు వాడే ఆచారం ఆ ప్రాంతంలో నిజంగా ఉండేదనడానికి రాతలో సాక్ష్యం కూడా ఉంది. స్వీడన్ ఉత్తరాన ఉండే సామీ ప్రజల ఎలుగుబంటి వేట, ఆ తరువాత జరిగే విందు, అందులో పాటించే నియమాల గురించి పేర్ ఫ్యెల్‌స్ట్రోమ్ అనే మతాధికారి 1755లోనే ఒక చిన్న పుస్తకం ప్రచురించారు. వేటకు పోయేవారు మాటలు మార్చి మాట్లాడుకోవడం అందులో కనిపిస్తుంది. కనుక పాత పేరు నిషేధం వల్లే పోయిందన్న ప్రతిపాదనను నేను తోసిపుచ్చను. మనకున్న వివరణల్లో అదే మెరుగైనది.

కాని ‘భయం’ అనే ఒక్క మాటతో దాన్ని ముగించడం నాకు సమ్మతం కాదు. మా ఉద్దానంలో ఎలుగు అంటే భయపడనివారు లేరు. జీడిపిక్కలు ఏరడానికి తెల్లవారుజామున తోటకు వెళ్లేవారు గుంపుగా వెళ్లడం, డబ్బాలు వాయించడం నాకు గుర్తుంది. అయినా మా ఊళ్లో దాన్ని రాత్రయినా పగలయినా ‘ఎలుగు’ అనే అనేవారు. పేరు మార్చినది పాముకు మాత్రమే. భయమే కారణమైతే రెండింటికీ మారుపేర్లు ఉండాలి. మాటను నిషేధించడానికి భయంతో పాటు ఇంకేదో కావాలి: ఆ ప్రాణి మన మాట వింటుందన్న నమ్మకం, దానికీ మనకూ మధ్య ఒక మర్యాద ఉందన్న భావన. మనవారు పామును మొక్కుతారు, నాగుల చవితికి పాలు పోస్తారు. ఎలుగుకు ఎవరూ పాలు పొయ్యరు. సామీ ప్రజలు ఎలుగుబంటిని వేటాడి చంపిన తరువాత కూడా దాని ఎముకలను జాగ్రత్తగా పూడ్చిపెట్టేవారు. పేరు దాచడం వెనక ఉన్నది అంత లోతైన సంబంధం. దాన్ని ఒట్టి పిరికితనంగా చెప్పడం ఆ మనుషులను చిన్నచేయడమే.

తోడేలు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే నిషేధ వాదాన్ని తప్పుపట్టేవారు తరచుగా అడిగే ప్రశ్న అదే: తోడేలు అంతకంటె ఎక్కువ భయపెట్టేది కదా, దాని పాత పేరు జర్మానిక్‌లో ఎందుకు నిలిచింది? నిలిచిన మాట వాస్తవం. నార్స్‌లో అది ‘ఉల్ఫ్’; ఇంగ్లీషులో ‘వుల్ఫ్’; సంస్కృతంలో ‘వృకం’. భీముడిని వృకోదరుడు అనేటప్పుడు మనం పలికే మాట, స్వీడన్‌లో ఉల్ఫ్ అనే పేరున్న మనిషిని పిలిచేటప్పుడు వారు పలికే మాట, ఒకే వేరు నుంచి వచ్చాయి. కాని స్వీడిష్‌లో తరువాతి కథ చూడండి. అక్కడ తోడేలును ఇప్పుడు ‘వర్గ్’ అంటారు. పాత నార్స్‌లో ఆ మాటకు వెలివేయబడ్డ నేరస్థుడనే అర్థమూ ఉండేది. ‘ఉల్వ్’ పాత పుస్తకాల మాట అయిపోయింది. ‘ఉల్ఫ్’ అనే మనిషి పేరులోనే అది క్షేమంగా మిగిలింది. దానికి ‘బూడిదరంగు కాళ్లది’ అనే మరో మారుపేరు కూడా పుట్టింది. అంటే ఎలుగుబంటి విషయంలో చరిత్రకు ముందు జరిగిందని మనం ఊహిస్తున్నది, తోడేలు విషయంలో చరిత్ర కళ్లెదుటే జరిగింది. ఆ ప్రశ్నకు ఇంతకంటె మంచి సమాధానం నాకు తెలియదు.

ఇప్పుడు రంగు దగ్గరకు వద్దాం. బెర్నుజ్, బెరో అనే రూపాలను ‘గోధుమరంగు, కపిలవర్ణం’ అనే అర్థం గల ఒక ధాతువుతో ముడిపెట్టడం చాలాకాలంగా ఉన్న ప్రతిపాదన. ఇంగ్లీషులో ‘బ్రౌన్’, నీటికుక్కలా కనిపించే ‘బీవర్’ అనే జంతువు పేరు, సంస్కృతంలో ‘బభ్రు’ అనే వర్ణవాచకం ఆ కుటుంబానివే. అర్జునుడి కొడుకు బభ్రువాహనుడి పేరులో ఉన్నది ఆ రంగే. ఈ ముడి అందంగా ఉంది, ఎలుగుబంటి కూడా ఆ రంగులోనే ఉంటుంది, కాబట్టి అందరికీ నచ్చింది. అయితే ప్రత్యయాలేవీ లేని ఆ ఒట్టి రూపంలో, రంగు అనే అర్థంతో అటువంటి ధాతువు మిగతా భాషల్లో సరిగా దొరకదన్నది అభ్యంతరం. అమెరికన్ భాషాశాస్త్రజ్ఞుడు డాన్ రింజ్ 2006లో ప్రచురించిన జర్మానిక్ చరిత్ర గ్రంథంలో వేరొక దారి చూపారు: లాటిన్ ‘ఫెరుస్’, గ్రీకు ‘థేర్’, రష్యన్ ‘జ్వేర్’ అనే మాటలకు మూలమైన, ‘అడవి మృగం’ అనే అర్థం గల ప్రాచీన పదమే జర్మానిక్‌లో ఎలుగుబంటి అయి ఉండవచ్చునని. ఆ దారిలోనూ ఒక ముల్లుంది. మూలభాషలోని ఆ హల్లు జర్మానిక్‌లో బకారం అవుతుందా అన్నది వివాదాస్పదమే. రెండిట్లో దేన్నీ తుది తీర్పుగా నేను చెప్పను. కాని ఒకదాన్ని మాత్రమే వేదవాక్యంలా చెప్పేవారి మాట నమ్మవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ఈ రెండో ప్రతిపాదన నిజమైతే దాని పర్యవసానం చిన్నది కాదు. ‘మృగం’ అనే సాధారణ నామం ఒక ప్రత్యేక జంతువుకు పేరుగా కుదించుకుపోవడానికి నిషేధం అక్కరలేదు. మనకు ఆ ఉదాహరణ ఇంట్లోనే ఉంది. సంస్కృతంలో మృగమంటే మొదట అడవి జంతువు ఏదైనా. మృగరాజు అన్నప్పుడు ఆ పాత అర్థమే. తరువాత అది జింకకు పేరైంది. మృగనయని, మృగతృష్ణ అన్న మాటల్లో ఉన్నది జింకే. ఇంగ్లీషులోని ‘డీర్’ కూడా ఒకప్పుడు జంతువు అనే అర్థం ఉన్న మాటే, అది కూడా జింక దగ్గరే ఆగింది. జింక పేరు పలకడానికి ఎవరూ భయపడలేదు. ఎక్కువగా వేటాడే జంతువు, ఎక్కువగా తలచుకొనే జంతువు ‘జంతువు’ అనే మాటను తన సొంతం చేసుకొంటుంది, అంతే. ఉత్తరపు అడవుల్లో ఆ స్థానం ఎలుగుబంటిది అయి ఉండడం అసంభవమేమీ కాదు. అప్పుడు పాత పేరు పోవడం నిషేధం వల్ల కావచ్చు, కొత్త పేరు కుదరడం మాత్రం మామూలు వాడుక వల్ల కావచ్చు. ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి అడగాలన్నదే నా పట్టుదల.

ఇదే సందర్భంలో మనవారికి కూడా ఒక మాట. ‘భల్లూకం’లోని భకారాన్ని, ‘బేర్’లోని బకారాన్ని పక్కపక్కన పెట్టి రెండూ ఒకటేనని ప్రకటించేవారు మన మధ్య ఉన్నారు. ధ్వని పోలిక అనుమానానికి ఆరంభం కాగలదు, రుజువు కాలేదు. ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ పేరు వినగానే అది బ్యోర్న్‌కు చెల్లెలు అనుకోవడం కూడా అటువంటిదే. బ్యోర్క్ అంటే ఎలుగుబంటి కాదు, తెల్లని బెరడు ఉండే ఒక చెట్టు. ఆ మాటకు నిజమైన సంస్కృత బంధువు భూర్జం, మన తాతల నాటి భూర్జపత్రం. వినడానికి అంత దగ్గరగా ఉన్న భల్లూకం సంగతి తేలనిది, పైకి పోలికే కనిపించని భూర్జం రక్తసంబంధి. చెవి ఎంతగా మోసం చేయగలదో ఈ రెండూ చెబుతాయి.

ఇక మనిషి పేరు. నా అసలు వాదన ఇక్కడ మొదలవుతుంది.

ఒక మాట పుట్టుక వేరు, పలికేవారి మనసులో దాని అర్థం వేరు. ‘కొండెక్కింది’ అన్నప్పుడు మనకు కొండ కనిపించదు, ఆరిన దీపం కనిపిస్తుంది. చాటుపేరు వెయ్యేళ్లు వాడితే అదే అసలు పేరు అవుతుంది. బెర్నుజ్ మొదట ఏ రంగును సూచించినా, ఏ మృగాన్ని సూచించినా, స్కాండినేవియాలో ఆ మాటను పిల్లవాడికి పేరుగా పెట్టే కాలానికి దానికి ఒకే అర్థం మిగిలింది: ఎలుగుబంటి. తండ్రి తన కొడుకుని ‘గోధుమరంగువాడా’ అని పిలవలేదు. ‘ఎలుగుబంటీ’ అని పిలిచాడు. భయంతో దాచుకోవలసిన మాట అదే అయితే, దాన్ని రోజూ వాకిట్లో నిలబడి గొంతెత్తి పిలిచే పేరుగా ఎలా పెడతాడు? మన పల్లెల్లో వరసగా బిడ్డలు పోతున్న ఇంట్లో తరువాత పుట్టినవాడికి పెంటయ్య అనీ పుల్లయ్య అనీ పేరు పెట్టి మృత్యువు కన్ను పడకుండా దాచేవారు. బ్యోర్న్ అటువంటి పేరు కాదు. అది దాచే పేరు కాదు, చాటే పేరు.

ఆ మాటలో ఎలుగుబంటి సజీవంగా వినిపించేదనడానికి పదో శతాబ్దపు కవి ఎగిల్ స్కల్లాగ్రిమ్సన్ సాక్ష్యం ఉంది. ఆయన ప్రాణస్నేహితుడు అరిన్‌బ్యోర్న్. ‘అరిన్’ అంటే పొయ్యి, ఇంటి మధ్యనుండే రాతి నిప్పుగద్దె. ఆ స్నేహితుడిని కీర్తిస్తూ చెప్పిన పద్యంలో ఎగిల్ అతన్ని ‘గ్ర్యోత్‌బ్యోర్న్’ అని పిలిచాడు, అంటే రాతి ఎలుగుబంటి. పొయ్యి రాతితో కట్టినదే కదా. మన శ్లేష కవులకు బాగా నచ్చే పని ఇది: పేరును రెండుగా విరిచి, ఒక ముక్కను పర్యాయపదంతో మార్చి, విన్నవాడే తిరిగి కలుపుకొనేలా వదిలేయడం. మొదటి ముక్కను మార్చినా పేరు గుర్తుపట్టగలిగారంటే, వినేవారికి రెండు ముక్కల అర్థమూ తెలిసి ఉండాలి. పేరు వారికి ఒట్టి శబ్దం కాదు.

పాత కథల్లోనూ ఇదే. రాజు హ్రోల్ఫ్ క్రాకీ గురించిన ఐస్‌లాండ్ గాథలో బ్యోర్న్ అనే రాకుమారుడిని సవతితల్లి శపిస్తుంది. పగలంతా ఎలుగుబంటిగా తిరుగుతాడు, రాత్రికి మనిషి అవుతాడు. అతన్ని ప్రేమించిన అమ్మాయి పేరు బేరా, అంటే ఆడ ఎలుగుబంటి. వారి కొడుకు బోద్వర్ బ్యార్కీ. ‘బ్యార్కీ’ అంటే చిన్న ఎలుగు. యుద్ధం జరిగేటప్పుడు బ్యార్కీ ఇంట్లో కదలకుండా కూర్చుని ఉంటాడు, రణరంగంలో ఒక పెద్ద ఎలుగుబంటి అతని రాజు పక్కన పోరాడుతూ ఉంటుంది. స్నేహితుడు వచ్చి బలవంతంగా లేపగానే ఆ ఎలుగుబంటి మాయమవుతుంది, యుద్ధం ఓడిపోతారు. ఈ కథ అల్లినవాడికి పేరు, ప్రాణి వేరు కావు. ఇందులో ఎక్కడా రంగు ప్రసక్తి లేదు.

ఆ పేరు నిజమైన మనుషులకు ఎంత తొందరగా స్థిరపడిందో రాళ్లు చెబుతాయి. స్వీడన్‌లోని ఓస్టర్‌యోట్లాండ్‌లో, తొమ్మిదో శతాబ్దంలో నిలిపిన ర్యోక్ శిల మీద ఆ కాలపు ఉత్తర యూరప్ లిపి అయిన రూన్ అక్షరాలు దాదాపు 760 చెక్కి ఉన్నాయి. ఒక తండ్రి చనిపోయిన కొడుకు కోసం చెక్కించినది. దాని మీద వరసగా వచ్చే వీరుల జాబితాలో ఒక అయిదుగురిని ‘బ్యోర్న్ కొడుకులు’ అని పేర్కొన్నారు. పైన చెప్పిన షష్ఠీ రూపం అక్కడే రాతి మీద కనిపిస్తుంది. ఇంచుమించు ఆ శతాబ్దంలోనే, 829-30 ప్రాంతంలో, క్రైస్తవ బోధకుడు ఆన్స్‌గర్ స్వీడన్‌లోని బిర్కా పట్టణానికి వెళ్లినప్పుడు ఆదరించిన రాజు పేరు కూడా బ్యోర్న్ అని ఆయన చరిత్ర రాసిన రింబర్ట్ చెప్పారు. ఐస్‌లాండ్‌కు వలసవెళ్లిన తొలి కుటుంబాల్లోనూ ఈ పేరు ఉంది. గాథల్లోని వైకింగ్ వీరుడు రాగ్నర్ కొడుకుగా చెప్పే ఇనుప పక్కల బ్యోర్న్ అందరికంటె ప్రసిద్ధుడు, కాని అతని కథలో చరిత్ర ఎంతో గాథ ఎంతో విడదీయడం కష్టం.

ఒంటరి పేరుగా కంటె జంటపేర్లలో ఇది ఇంకా ఎక్కువగా పాకింది. తోర్ దేవుడి పేరుతో కలిసి తోర్‌బ్యోర్న్, దేవత అనే అర్థం గల ‘ఆస్’తో కలిసి ఆస్‌బ్యోర్న్, విజయంతో కలిసి సిగ్‌బ్యోర్న్. ఆస్‌బ్యోర్న్ ఇంగ్లండు చేరి, అక్కడి సోదర రూపంతో కలిసిపోయి ఆస్‌బోర్న్ అనే ఇంటిపేరైంది. జర్మన్ నేల మీద అదే ఎలుగుబంటి ‘గట్టి’ అనే మాటతో కలిసి బెర్న్‌హార్డ్ అయింది. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో అక్కడక్కడా వినిపించే బెర్నార్డ్ అదే. ఆ పేరుగల తెలుగువాడికి తన పేరులో ఎలుగుబంటి ఉందని తెలిస్తే సంతోషిస్తాడనే అనుకొంటాను.

ఆధునిక కాలంలోనూ దీని వెలుగు తగ్గలేదు. నార్వే జాతీయగీతం రాసిన బ్యోర్న్‌స్త్యెర్న బ్యోర్న్‌సన్‌కు 1903లో సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పేరుకు ఎలుగుబంటి-నక్షత్రం అనీ, ఇంటిపేరుకు ఎలుగుబంటి కొడుకు అనీ అర్థం. 1976 నుంచి 1980 వరకు వరసగా అయిదుసార్లు వింబుల్డన్ గెలిచిన బ్యోర్న్ బోర్గ్ పేరును మా నాన్నగారి తరం తెలుగువారు రేడియోలో విన్నారు. స్వీడన్ పాప్ సంగీత బృందం ఆబా పేరులోని రెండు బకారాల్లో ఒకటి బ్యోర్న్ ఉల్వేయస్‌ది.

ఆ నక్షత్రం మాట రాగానే, ‘అసలు పేరు ఎవరికీ తెలియదు’ అన్న వాదానికి తిరిగి రావాలి. ఉత్తరాకాశంలో సప్తర్షి మండలాన్ని గ్రీకులు ఎలుగుబంటి అన్నారు. ఆ ‘ఆర్క్‌టొస్’ నుంచే ఆర్కిటిక్ అనే పేరు వచ్చింది. ఋగ్వేదంలో పైన నిలిపిన ‘ఋక్షాః’ రాత్రి కనిపించి పగలు ఎక్కడికి పోతాయని ఒక ఋషి అడుగుతాడు. సప్తర్షులను పూర్వం ఋక్షాలు అనేవారని శతపథ బ్రాహ్మణం స్పష్టంగా చెబుతుంది. తెలుగు నిఘంటువులు ఈనాటికీ ఋక్షానికి ఎలుగుబంటి, నక్షత్రం అని రెండు అర్థాలూ ఇస్తాయి. జాంబవంతుడు ఋక్షరాజు. మహాభారత వంశావళిలో ఋక్షుడనే రాజు ఉన్నాడు; అతని కొడుకు సంవరణుడు, సంవరణుడి కొడుకు కురువు. అంటే కౌరవ పాండవుల పూర్వికుడి పేరు సాక్షాత్తూ ‘ఎలుగుబంటి’. పాత పేరునే మనిషికి పెట్టుకొన్న రాజు ఇక్కడ, దాని స్థానంలో వచ్చిన కొత్త పేరును పెట్టుకొన్న రాజు బిర్కాలో. ఇద్దరి పేర్లకూ అర్థం ఒకటే.

స్వీడన్‌లో కూడా ఆ పాత మాట పూర్తిగా వినపడకుండా పోలేదు. ఉప్సాలాలో ఆచార్యుడిగా ఉన్న ప్రకృతి శాస్త్రజ్ఞుడు లినేయస్, 1758లో ఎలుగుబంటికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ‘ఉర్సుస్ ఆర్క్‌టొస్’ అన్నాడు. మొదటిది లాటిన్, రెండోది గ్రీకు. రెండూ ఆ ఒక్క పాత పేరే. తన మాతృభాష వేల ఏళ్ల క్రితం విడిచిపెట్టిన మాటను ఒక స్వీడన్ మనిషి ఒకటికి రెండుసార్లు పలికి, దాన్నే ఆ జంతువుకు ప్రపంచమంతటా చెల్లే పేరుగా నిలిపాడు.

నేను స్వీడన్ విడిచి వచ్చే ముందు వారంలో ఈ సంగతులన్నీ బ్యోర్న్ గారితో చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. రంగు కథ పోయినందుకు మొదట కొంచెం వెలితిగా అనిపించిందన్నారు. రింజ్ ప్రతిపాదన మీద రెండు ప్రశ్నలు అడిగారు, ఒకదానికి నేను సమాధానం చెప్పలేకపోయాను. చివరకు, మీ దగ్గర మిగిలిన ఆ పాత పేరు ఎలా పలుకుతారని అడిగారు. ఒక కాగితం మీద తెలుగులో ‘ఋక్షం’ అని రాసి, కింద వారి లిపిలో రాసి ఇచ్చాను. ఆయన కాగితం ఎదురుగా పెట్టుకొని ఆ మాటను పలికారు. క్షకారం దగ్గర నాలుక తడబడింది. మళ్లీ పలికారు, ఈసారి గట్టిగా, పక్క బల్లల వారికి వినిపించేలా.